సెవెరిన్ కుడి మడమ

బుర్గి పెట్టెలోకి దిగడం చూసి తీరాలి. యాభై ఎనిమిదేళ్ల బొద్దు మనిషి, మోకాళ్లు రెండూ సతాయిస్తాయి. అయినా స్టేజి కింద వంగి వంగి నడిచి, మూడు మెట్లు పాకినట్టు ఎక్కి, ఆ చెక్క గూట్లో తలా భుజాలూ సర్దుకుని కూర్చునేదాకా ఎక్కడా చప్పుడు కానివ్వదు. కింద దిండు, ఎదురుగా నాటకం పుస్తకం, పుస్తకం మీద చిన్న దీపం. ఆవిడ కళ్లు సరిగ్గా నటుల పాదాల ఎత్తున ఉంటాయి. జనం వైపు చెక్క మూత ఉంటుంది కాబట్టి జనానికి ఆవిడ కనపడదు. పంతొమ్మిదేళ్లుగా మా కొండ ఊరు ఓబర్‌లెహన్ వేసవి నాటకాల్లో ఎవరికి మాట పోయినా ఆవిడే అందిస్తోంది.

మాట అందించడమంటే పుస్తకం చదివేయడం అనుకునేవాళ్లు ఒక్కసారి ఆ పెట్టెలో కూర్చుని చూడాలి. గొంతు వాడకూడదు, ఊపిరితోనే పలకాలి. వాక్యం మొత్తం ఇవ్వకూడదు, మొదటి మాట ఇస్తే చాలు. ముందే ఇస్తే నటుడికి తలవంపు, ఆలస్యమైతే జనానికి తెలిసిపోతుంది. ఆ రెండింటికీ మధ్య ఒక్క రెప్పపాటు ఉంటుంది. దాన్ని బుర్గి పాదాలను బట్టి పట్టుకుంటుంది. పంచాయతీ ఆఫీసులో పనిచేసే ఆఫ్రా మాట మర్చిపోతే బూటు కొనల మీదికి ఒరుగుతుంది. రంపం మిల్లు సెవెరిన్‌కైతే కుడి మడమ లేస్తుంది. అంగుళం లేస్తుందేమో, అంతే. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు, సెవెరిన్‌కి కూడా.

సెవెరిన్‌కి డెబ్బై ఒకటి. నలభై ఏళ్లుగా మా స్టేజి మీద పెద్ద వేషమంటే ఆయనదే. ఈ ఏడు నాటకం గట్టురాయి కథ. పొరుగువాడి గడ్డినేల కలుపుకుందామని రాత్రికి రాత్రి గట్టురాయి జరిపిన రైతు, చచ్చాక ఆ రాయిని మోసుకుంటూ కొండల్లో తిరుగుతుంటాడు. ఎదురైన ప్రతివాణ్నీ "ఎక్కడ పెట్టను దీన్ని?" అని అడుగుతాడు. అందరూ హడలిపోయి పరిగెడతారు. చివరికి ఒక పనిమనిషి మాత్రం నిలబడి "తీసిన చోటే పెట్టు" అంటుంది. దాంతో వాడికి విముక్తి. రాయి అట్టతో చేయిస్తామంటే సెవెరిన్ ఒప్పుకోలేదు. వాగులోంచి నిజం రాయే తెప్పించుకున్నాడు.

దర్శకురాలు కొర్డూలా వియన్నా నుంచి వచ్చింది. వచ్చిన రోజు అందరినీ "మీరు, మీరు" అంటుంటే మావాళ్లు బిక్కమొహాలు వేశారు. వెయ్యి మీటర్ల ఎత్తు దాటాక దేవుణ్నైనా నువ్వనే అంటామని దుస్తులు చూసే జెంజి చెప్పింది. కొర్డూలా నవ్వి మర్నాటి నుంచి నువ్వులోకి దిగింది. ఆట రాత్రి ఎనిమిదికి పెడదామని మాత్రం వారం రోజులు పోట్లాడింది. పాలు పిండేవేళకి జనం ఇళ్లకి చేరాలి కాబట్టి మా ఆట రెండింటికే మొదలవుతుంది. ఆ పోట్లాటలో ఆవులే గెలిచాయి.

పని మాత్రం తెలిసిన పిల్ల, అబద్ధం ఎందుకు? మూడో అంకంలో రైతు దయ్యం రాయి మోసుకుని వచ్చి నోరు తెరిచే ముందు ఆవిడో మౌనం పెట్టింది. ఎనిమిది అంకెలు లెక్కపెట్టాలి. ఎనిమిది అంకెలు రంగం మీద ఊరికే నిలబడితే జనం దగ్గుతారని మావాళ్లు ముందు ఎగతాళి చేశారు. తీరా సెవెరిన్ ఆ రాయి గుండెకి ఆనించుకుని అలా నిలబడితే హాల్లో ఒక్కరూ దగ్గలేదు. బుర్గి పుస్తకంలో అక్కడ ఎర్ర పెన్సిలుతో ఎనిమిది గీతలు గీసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం డ్రెస్ రిహార్సల్. ఆనవాయితీ ప్రకారం వృద్ధాశ్రమం వాళ్లనీ, అగ్నిమాపక దళం కుటుంబాలనీ పిలిచారు. మొదటి రెండు అంకాలూ చక్కగా నడిచాయి. మూడో అంకంలో సెవెరిన్ రాయితో వచ్చి నిలబడ్డాడు. బుర్గి లోలోపల లెక్కపెట్టింది. ఎనిమిది అయ్యింది, రెండు పాదాలూ నేలని పట్టుకునే ఉన్నాయి. తొమ్మిది. పది. కుడి మడమ లేచింది.

"ముప్ఫై..." అంది బుర్గి ఊపిరితో.

ఆ నిశ్శబ్దంలో ఆ ఊపిరి హాలంతా వినపడింది. రెండో వరసలో కూర్చున్న తొంభై ఏళ్ల థెక్లా ముసలమ్మకి వినికిడి తక్కువ, గొంతు మాత్రం గట్టి. "ఏంటీ? ఎంతంటోంది?" అని అరిచింది. హాలు గొల్లుమంది. సెవెరిన్ "ముప్ఫై చలికాలాలు మోశాను" అని అందుకున్నాడు గానీ, దయ్యాన్ని చూసి భయపడాల్సిన జనం ఇంకా కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉన్నారు.

తెరపడ్డాక కొర్డూలా స్టేజి మీదికి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. బుర్గి అప్పుడే మెట్లెక్కి పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చింది.

"అది నేను పెట్టిన మౌనం. మీ పుస్తకంలో రాసి ఉంది కదా?"

'మీరు' వినపడగానే చుట్టుపక్కల వాళ్లంతా తలలు తిప్పారు.

"రాసి ఉంది," అంది బుర్గి.

"మరి ఎందుకు మాట్లాడారు?"

బుర్గి పుస్తకం ఇంకో చంకకి మార్చుకుంది. కొర్డూలా సెవెరిన్ వైపు తిరిగింది. ఆయన గుడ్డతో మొహం మీది తెల్లరంగు తుడుచుకుంటున్నాడు.

"నువ్వు మర్చిపోయావా, సెవెరిన్?"

"నేనా?" అన్నాడు. గుడ్డ మొహం మీంచి తియ్యలేదు. "ఆ మౌనం పట్టుకునే ఉన్నాను. ఇంకో రెండంకెలు లాగుదామనుకున్నా. తొందరపడింది, పాపం."

ఆ 'పాపం' బుర్గికి చురుక్కుమని తగిలింది. ఆయన వైపు చూసింది. ఆయన రాయి వైపు చూస్తున్నాడు. ఒక్క మాట చెబితే చాలు, నీ మడమ లేచిందయ్యా అంటే చాలు. కానీ పెట్టెలోంచి చూసింది పెట్టె దాటకూడదు. తనకి ఈ పని నేర్పిన పెద్దావిడ మొదటి రోజు పుస్తకం కన్నా ముందు చేతిలో పెట్టిన మాట అది. బుర్గి పుస్తకం రిబ్బను సరిచేసి మూసింది.

"ఇలా అయితే కుదరదు," అంది కొర్డూలా. కోపం కన్నా అలసట ఎక్కువుంది ఆ గొంతులో. "ఆ మౌనం మీదే నాటకం మొత్తం నిలబడింది. ఆదివారం ఆటకి పెట్టె వద్దు. పైన పలక కొట్టించండి. వాళ్ల పాఠం వాళ్లకి వచ్చు, నటుల్ని నమ్ముదాం."

బుర్గి కిందికి వెళ్లి దిండు తెచ్చుకుంది. జెంజి బట్టల గదిలోంచి నోట్లో గుండుసూదులతోనే పరిగెత్తుకొచ్చి గుమ్మం దగ్గర పట్టుకుంది.

"నువ్వు ఊరికే మాట అందించే రకం కాదు. వాడు మర్చిపోయాడు, అవునా?"

"సూదులు మింగుతావే, ముందు అవి తియ్యి."

"మాట మార్చకు! పంతొమ్మిదేళ్ల పరువు, బుర్గీ. ఒక్క ముక్క నోరు విప్పితే నీ సొమ్మేం పోయింది?"

"నా సొమ్ము కాదు పోయేది," అంది బుర్గి. దిండు చంకన పెట్టుకుని ఇంటికెళ్లిపోయింది.

శనివారం పొద్దున బుర్గి ఎప్పటిలాగే పాలకేంద్రం నేలమాళిగలో చీజులు తిప్పుతోంది. అరల మీద బండిచక్రాలంత గుండ్రటి చీజులు వరసగా ఉంటాయి. ఒక్కోదాన్నీ రెండు చేతులతో కిందికి దించి, ఉప్పునీళ్లలో ముంచిన కుంచెతో పైపొర రుద్ది, బోర్లించి మళ్లీ అరమీద పెట్టాలి. రోజుకి నూట ఇరవై. ప్రతి వేసవీ ఆ పని చేస్తూనే నాటకం మొత్తం వల్లెవేస్తుంది. ఆ రోజు మాత్రం నోరు కదలలేదు. హాలు వైపు నుంచి సుత్తి దెబ్బలు వినపడ్డాయి. ఆవిడ లెక్కపెట్టుకుంది. నాలుగు మేకులు.

కాసేపటికి మెట్ల మీద బూట్ల చప్పుడైంది. రంపపుపొట్టు వాసన ముందొచ్చింది, తర్వాత సెవెరిన్ వచ్చాడు.

"అరకిలో చీజు కావాలి," అన్నాడు.

"పొద్దున్నే నీ మనవరాలు కిలో పట్టుకెళ్లింది."

సెవెరిన్ టోపీ తీసి ఖాళీ పాలక్యాను మీద కూర్చున్నాడు. బుర్గి ఇంకో చీజు దించింది. కుంచె ముంచింది.

"పలక నా మిల్లుదే," అన్నాడు. "నేనే కోసిచ్చాను."

"మంచి చెక్క ఇచ్చావా?"

"దేవదారు."

బుర్గి చీజు బోర్లించి అర మీదికి ఎత్తింది. ఎదురుగోడ వైపు చూస్తూనే, రెండో అంకంలో దయ్యాన్ని మొదట చూసినవాడి మాట పలికింది. "ఎవరది, ఆ గట్టు మీద?"

సెవెరిన్ తలెత్తాడు. ఆ నేలమాళిగలో, క్యాను మీద కూర్చునే, దయ్యం గొంతు అందుకున్నాడు. ఏం గొంతు! మాళిగ గోడలు మోగాయి. పైన తూకం వేస్తున్న అమ్మాయి పని ఆపేసింది. బుర్గి ఒక మాట, ఆయన ఒక మాట, మధ్యలో ఉప్పునీళ్ల కుంచె. మూడో అంకం మౌనం వచ్చింది. ఎనిమిది. తొమ్మిది. నేలమీది ఇసుకలో బూటు కరకరమంది. బుర్గి వెనక్కి తిరగలేదు.

"లేచింది," అంది.

"ఏంటి లేచింది?"

"నీ కుడి మడమ. మాట పోతే లేస్తుంది. పంతొమ్మిదేళ్లుగా."

సెవెరిన్ తన పాదం వైపు చూసుకున్నాడు, అది వేరే ఎవరిదో అన్నట్టు. మెల్లగా నేలకి ఆనించాడు.

"ఏప్రిల్ నుంచి ఎక్కువైంది," అన్నాడు. "స్టేజి మీదే కాదు. మొన్న మిల్లులో రంపం తిరుగుతుంటే, దుంగ ఎటు తొయ్యాలో గుర్తు రాలేదు. ఇంట్లో తెలిస్తే మిల్లు తాళాలు లాక్కుంటారు. నన్ను రంపం దగ్గరికి రానివ్వరు."

"రానివ్వకపోవడమే మంచిది."

"నీకు తెలీదు."

"తెలుసు," అంది బుర్గి, ఈసారి తిరిగి. చేతుల్లోంచి ఉప్పునీళ్లు కారుతున్నాయి. "పనిలోంచి మనిషిని తీసేస్తే ఎలా ఉంటుందో నిన్నటి నుంచి నాకు బాగా తెలుసు. నా పెట్టె మూయించావు, సెవెరిన్. నేను ఎవరికీ చెప్పను. చెప్పనని నీకు తెలుసు కాబట్టే అంత ధైర్యంగా అన్నావు."

సెవెరిన్ టోపీ పెట్టుకుని లేచాడు. మెట్ల దగ్గర ఆగి "రేపు వస్తావా?" అన్నాడు.

"టికెట్టు కొన్నాను. మొదటి వరస."

ఆయన వెళ్లాక బుర్గి మిగతా చీజులన్నీ గబగబా రుద్దింది. ఏడుపేం రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే, రేపు ఆ మౌనం దగ్గర వాడి గతేం కావాలి అనే బెంగ కూడా పట్టుకుంది. ఆ బెంగ పట్టినందుకు తన మీద తనకే ఇంకాస్త ఒళ్లు మండింది.

ఆదివారం చర్చి గంటలు అయ్యేసరికే హాలు బయట ఇన్స్‌బ్రుక్ పట్నం నుంచి వచ్చిన కార్లు, బస్సులు బారులు తీరాయి. మా బ్యాండువాళ్లు వాకిట్లో వాయించారు. బుర్గి పండగ బట్టలు కట్టుకుని, పుస్తకం లేకుండా, మొదటి వరసలో కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సరిగ్గా ఎదురుగా, మొన్నటిదాకా తన పెట్టె ఉన్నచోట, కొత్త దేవదారు పలక తెల్లగా కనపడుతోంది. స్టేజి అంచు పొడవునా ఎర్ర జెరానియం పూలకుండీలు పెట్టారు.

తెర లేచింది. పంతొమ్మిదేళ్లలో ఆవిడ ఒక్క నాటకం కూడా ఎదుటి నుంచి చూడలేదు. పాదాలు చూసింది, లంగా అంచులు చూసింది, గెడ్డాల కింది భాగాలు చూసింది. ఇప్పుడు మొహాలు చూస్తోంది. రోజూ పన్ను రసీదులు రాసే ఆఫ్రా, పనిమనిషి వేషంలో అలా చూడగలదా? ఆ కొంటె చూపు ఎక్కణ్నుంచి తెచ్చుకుంది! ఇక సెవెరిన్. గట్టురాయి పెకలించేటప్పుడు పక్కపొలం కేసి ఒక చూపు చూశాడు. ఆ ఆశ, ఆ సిగ్గు రెండూ ఒకేసారి ఆ ముసలిమొహంలో కనపడేసరికి బుర్గి పక్కనున్న కొత్తమనిషి మోచెయ్యి పట్టేసుకుంది. ఇంత గొప్ప నటుడికా ఇన్నేళ్లూ నేను మాట అందించింది అనుకుంది. కోపం ఎటు పోయిందో పోయింది. మా ఊరి మనుషులు, పేడతీసి పాలుపితికి వచ్చిన మనుషులు, ఇలా ఆడతారా అని ఆవిడకి ఛాతీ పొంగింది.

మూడో అంకం. సెవెరిన్ తెల్లరంగు మొహంతో, రాయి గుండెకి హత్తుకుని వచ్చి నిలబడ్డాడు. హాలు ఊపిరి బిగబట్టింది. బుర్గి పెదాలు లెక్కపెట్టాయి. ఆరు. ఏడు. ఎనిమిది. చూపు తనకి తెలియకుండానే పాదాల కోసం కిందికి దిగింది. అక్కడ జెరానియాలున్నాయి. పాదాలు కనపడవు.

తొమ్మిది. పది. బుర్గి మొహంలోకి చూసింది. ఆ మొహంలో వెయ్యేళ్ల దుఃఖం ఉంది. అది నటనో, మాట పోయిన మనిషి బెదురో ఆవిడకి అంతుపట్టలేదు. మొహాలు చదవడం ఆవిడకి రాదు. పదిహేను. వెనక కొర్డూలా గోడకి ఆనుకుని సంబరంగా చూస్తోంది. ఇరవై. ఇరవై ఐదు. ఎవరో దగ్గారు.

సెవెరిన్ కదిలాడు. నడవకూడని చోటికి నడిచాడు. నెమ్మదిగా స్టేజి అంచుకి వచ్చి, ఆ తెల్ల పలక ముందు రాయితో సహా మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"బుర్గీ," అన్నాడు. దయ్యం గొంతు కాదు, ఆయన సొంత గొంతు. "మడమ లేచింది. శుక్రవారం కూడా లేచింది. మాట పోగొట్టుకున్నది నేను. అబద్ధమాడాను. పెట్టెలో మనిషి తప్పేం లేదు."

పట్నం నుంచి వచ్చినవాళ్లు అది నాటకంలో మాటే అనుకుని అలాగే కూర్చున్నారు. మా ఊరివాళ్లు మాత్రం కుర్చీల్లో బిగుసుకుపోయారు. మూడో వరసలో సెవెరిన్ మనవరాలు చేత్తో నోరు మూసుకుంది. స్టేజి మీద ఆఫ్రా, బూటు కొనల మీద నిలబడ్డట్టు ముందుకు ఒరిగిపోయింది.

బుర్గి లేవలేదు. లేస్తే నాటకం విరిగిపోతుందని ఆవిడకి తెలుసు. కుర్చీ అంచుకి జరిగి, కొద్దిగా ముందుకు వంగి, గొంతు లేకుండా, పంతొమ్మిదేళ్లుగా చేస్తున్నట్టే, ఊపిరితో ఇచ్చింది.

"ముప్ఫై..."

"ముప్ఫై చలికాలాలు మోశాను," అన్నాడు సెవెరిన్. గొంతు తిరిగొచ్చింది. రాయితో పైకి లేచాడు. "నా కొండల్లో నాకు దారి లేదు. ఎక్కడ... ఎక్కడ పెట్టను దీన్ని?"

జవాబు ఆఫ్రా చెప్పాలి. ఆఫ్రాకి మాట పోయింది. అప్పుడు రెండో వరసలోంచి, అడక్కుండానే, థెక్లా ముసలమ్మ గట్టిగా అరిచింది.

"తీసిన చోటే పెట్టు! ఇంకెక్కడ!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. సెవెరిన్ ఆవిడకి తల వంచాడు. రాయిని తెచ్చి, మొదటి అంకంలో పెకలించిన గుంటలోనే దించాడు. తెర పడింది. చప్పట్లు ఎంతసేపు మోగాయంటే, పాలు పితకాల్సినవాళ్లు కూడా చేతి గడియారం చూసుకోవడం మర్చిపోయారు.

మా దగ్గర ఆట చివర దండం పెట్టేటప్పుడు పెద్ద వేషధారి వంగి పెట్టెలోకి చెయ్యి చాపుతాడు. లోపలినుంచి ఒక చెయ్యి పైకొచ్చి ఆ చేతిని పట్టుకుంటుంది. జనానికి బుర్గి తెలిసింది ఆ చేతి వరకే. సెవెరిన్ అలవాటుగా వంగాడు. పలక తగిలింది. రెండుసార్లు వేలితో తట్టి, అలాగే స్టేజి అంచున కూర్చుని పూలకుండీల మీంచి మొదటి వరసలోకి చెయ్యి చాపాడు. బుర్గి లేచి ఆ చెయ్యి పట్టుకుంది. తెల్లరంగు ఆవిడ వేళ్లకి అంటుకుంది.

హాలు ఖాళీ అయ్యాక కొర్డూలా ఎక్కణ్నుంచో గునపం తెచ్చింది. వడ్రంగిని పిలుస్తానని జెంజి అంటే వినలేదు. "కొట్టించింది నేను, తీసేదీ నేనే," అంది. నాలుగు మేకులూ ఊడదీయడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది, చేతులు ఎర్రబడ్డాయి. పలక పక్కన పెట్టి బుర్గి వైపు తిరిగింది.

"నిన్ను అడగాల్సింది. అడిగి, నువ్వు చెప్పేదాకా ఆగాల్సింది," అంది. ఆ 'నువ్వు' ఎంత కష్టపడి పలికిందో అందరికీ తెలిసింది.

"అడిగినా చెప్పేదాన్ని కాదు," అంది బుర్గి.

"ఇంకా ఏడు ఆటలున్నాయి. ఆ మౌనం తీసేద్దామా? ఆయనకి కష్టమేమో. గుర్తుంటుందో లేదో..."

"మౌనం ఉంచు. నేను ఎదుటినుంచి చూశాను కదా, అది ఉండాలి." బుర్గి తన కుర్చీలో వేసుకున్న దిండు తీసి చంకన పెట్టుకుంది. "గుర్తుపెట్టుకునే పని నాది. ఆడే పని వాడిది. ఇద్దరం చూసుకుంటాం."

సెవెరిన్ ఆ పక్కనే నిలబడి మొహం తుడుచుకుంటున్నాడు. ఈసారి గుడ్డ మొహం మీంచి తీసే మాట్లాడాడు.

"మిల్లు తాళాలు మనవరాలికి ఇచ్చేశాను. అది అడక్కముందే."

బుర్గి తల ఊపింది. స్టేజి కింద వంగి వంగి నడిచి, మూడు మెట్లెక్కి, గూట్లో తలా భుజాలూ సర్దుకుని, దిండు పరుచుకుని కూర్చుంది. దీపం వెలిగించి చూసింది, వెలిగింది. పైన సెవెరిన్ పెట్టెకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆయన బూట్లు రెండూ ఆవిడ కళ్ల ముందున్నాయి. రెండు మడమలూ నేలకి ఆని ఉన్నాయి.